ముప్పై ఒకటో పేరు

విజయవాడ, హాస్టల్
జూన్ 22, ఆదివారం

అన్నయ్యా,

నువ్వు పెట్టెలో బట్టల అడుగున పెట్టిన పది కవర్లూ దొరికాయి. స్టాంపులు కూడా నువ్వే అంటించేశావు, అడ్రసు కూడా నువ్వే రాసేశావు. ఇక నేను రాయకపోతే బాగోదు.

ఇక్కడ ఫోనంటే ఆదివారం పూట వార్డెన్ మేడమ్ ఫోనే. మనిషికి మూడు నిమిషాలు. స్పీకర్ పెట్టి ఆవిడ పక్కనే నిలబడుతుంది. వెనక లైన్లో యాభై మంది ఉంటారు. బాగున్నాను, తిన్నాను, చదువుతున్నాను అనేలోపే అయిపోతుంది. ఉత్తరాలకి మాత్రం ఏ రూలూ లేదు. ఎవరూ రాయరు కాబట్టి రూలు పెట్టాలని ఎవరికీ తోచలేదనుకుంటా. గేటు దగ్గర వాచ్‌మన్ లాజరు తాత ఉంటాడు, ఆయనే పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు.

ఎనిమిదో తరగతిలో మేం నూట ఇరవై మందిమి. మొదటి రోజు సైన్స్ సారు, "మీ మీ స్కూళ్ళలో ఫస్టొచ్చినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. నేను వెంటనే ఎత్తేశాను. పెడనలో రెండో తరగతి నుంచీ నేనే కదా. పక్కకి చూస్తే పక్కమ్మాయి చెయ్యీ పైనే ఉంది. వెనక్కి తిరిగితే అందరి చేతులూ పైనే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు అన్నయ్యా. చెయ్యి దించాలో అలాగే ఉంచాలో నాకు తెలీలేదు.

నా కింద మంచం సింధూరిది. కంకిపాడు పక్కన పల్లెటూరు వాళ్ళది. వాళ్ళ నాన్నగారికి పొలాలున్నాయి. సింధూరి లేకపోతే నేను మొదటి వారమే వచ్చేసేదాన్ని. మన మాస్టారు క.సా.గు అని నేర్పినదాన్ని ఇక్కడ ఎల్‌సీఎం అంటారని సింధూరే చెప్పింది. అంతవరకూ నేను అది వేరే ఏదో పెద్ద లెక్క అనుకుని భయపడి చచ్చాను. నాకు ఏడుపొస్తే తను నన్ను కుళాయిల దగ్గరికి లాక్కుపోయి, "ఇక్కడ ఏడువు. మొహం ఎలాగూ తడిగానే ఉంటుంది, ఎవరికీ తెలీదు" అంది. తనూ అక్కడే ఏడుస్తుందట. సింధూరి గట్టిగా నవ్వుతుంది, గట్టిగా చదువుతుంది, నిద్రలో కూడా మాట్లాడుతుంది.

జూలై ఆఖరులో పెద్ద టెస్టు ఉంది. దాన్లో మొదటి ముప్పై మందినీ ఏ సెక్షన్ చేసి పై అంతస్తుకి పంపుతారు. మిగతావాళ్ళు బి, సి, డి. మళ్ళీ రెండు నెలలకి ఇంకో టెస్టు పెట్టి మార్చుతారట. నన్ను దింపి వెళ్ళేటప్పుడు నాన్న గేటు దగ్గర ఆగి, "ముప్పైలో ఉండాలమ్మా" అన్నాడు. అంతకుముందు నేనింకేదో అంటాడనుకున్నాను.

నువ్వూ విజయవాడలోనే ఇంటర్ చదివావుగా. అక్కడా ఇలాగే ఉండేదా? నీకు కామెర్లు రాకపోయుంటే ఈపాటికి ఇంజనీరింగ్ మూడో ఏడు అని అమ్మ అంటూనే ఉంటుంది. అప్పుడు నువ్వు ఎలా చదివేవాడివో రాయి. నాకు పనికొస్తుంది.

వేణి


హనుమాన్ జంక్షన్
జూలై 1

వేణీ,

నీ ఉత్తరం మా పార్సిల్ ఆఫీసుకే వచ్చింది. ఆఫీసులో అందరూ దాన్ని వింతగా చూశారు. రోజుకి రెండు మూడు వందల మూటలు వచ్చిపోయే చోట నా పేరు మీద ఏదైనా రావడం ఇదే మొదటిసారి.

ఇక్కడ నా పని నీకు తెలిసిందే. లారీ రాగానే మూటలు దించించడం, ఏ మూట ఏ ఊరిదో చూసి వేరు చెయ్యడం. శనివారం సాయంత్రం పెడన వెళ్తున్నాను, సోమవారం పొద్దున బయల్దేరి వస్తున్నాను. నాన్న చీరల మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాడు. నెమలికంఠం రంగు. నువ్వుంటే ఆ రంగు చూసి అక్కడే కూర్చునేదానివి. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం.

సింధూరి సంగతి చదివి నాకు ధైర్యం వచ్చింది. అలాంటి మనిషి ఒక్కళ్ళు పక్కనుంటే చాలు. అందరి చేతులూ లేచాయని రాశావు చూడు, అక్కడ కాసేపు ఆగిపోయాను.

నా కాలేజీ సంగతి తర్వాతెప్పుడైనా రాస్తాను. పెద్దగా చెప్పుకునేదేం లేదు. నువ్వు మాత్రం అన్నం మానకు. పరీక్ష ముందు రోజు అసలు మానకు. మాకు ఏది రాస్తే బాగుంటుందా అని ఆలోచించకుండా, జరిగింది జరిగినట్టు రాస్తూ ఉండు.

అన్నయ్య


విజయవాడ, హాస్టల్
ఆగస్టు 3, ఆదివారం

అన్నయ్యా,

నాకు ఏ సెక్షన్ వచ్చింది. ముప్పయ్యో ర్యాంకు. నాన్నకి చెప్పు.

ఐడీ కార్డుకి ఎర్ర టేపు ఇచ్చారు. మిగతా సెక్షన్ల వాళ్ళకి నీలం. మా గది ఇప్పుడు పై అంతస్తులో. ఫ్యాన్లు బాగా తిరుగుతాయి. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. లెక్కలకి ఛాయాదేవి మేడమే. బాగా చెబుతారు. నిన్న సాంబారు బాగుంది. రెండు రోజుల నుంచి వాన.

ఇంకేం లేవు. చదువుకోవాలి.

వేణి


హనుమాన్ జంక్షన్
ఆగస్టు 8

వేణీ,

నాన్న సంతోషం మనిద్దరం చూసి ఉండాల్సింది. నేను ఫోన్ చేసి చెప్పగానే మగ్గం దిగి, చొక్కా వేసుకుని, మన వీధి చివరిదాకా వెళ్ళి చెప్పొచ్చాడట, అమ్మ చెప్పింది. ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజట కదా, తప్పకుండా వస్తున్నాడు. అమ్మ జంతికలు చేసి పంపుతోంది.

నేను నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు ర్యాంకు వచ్చినందుకు నాకూ సంతోషమే. కానీ మొదటి ఉత్తరం నిండా సింధూరే ఉంది. ఈసారి ఫ్యాన్లున్నాయి, సాంబారుంది, వానుంది. ఆ పిల్ల పేరు మాత్రం ఒక్కచోట లేదు.

దెబ్బలాడుకున్నారా? ఏదైనా ఫరవాలేదు, రాయి. నేను నాన్నకి చెప్పను.

అన్నయ్య


విజయవాడ, హాస్టల్
ఆగస్టు 17, ఆదివారం

అన్నయ్యా,

ఇది చదివాక నువ్వు నన్ను తిట్టినా సరే.

నేను ముప్పై కాదు. సింధూరికి ముప్పై ఒకటి వచ్చింది. నాకూ తనకీ తేడా నాలుగు మార్కులు. లిస్టు గోడకి అంటించారు. ముప్పయ్యో పేరు కింద ఎర్ర గీత గీశారు. గీత పైన నా పేరు, కింద తన పేరు. తను నన్ను గట్టిగా పట్టుకుని, "నువ్వైనా వెళ్ళావు" అంది. సాయంత్రం నా పెట్టె తనే ఒక చేత్తో పట్టుకుని మెట్ల మీద సాయం వచ్చింది.

మర్నాడు లెక్కల పేపర్లు ఇచ్చారు. నేను నా మార్కులు కూడుకున్నాను, ఊరికే, ఎప్పుడూ కూడుకుంటాను కదా. ఎనిమిది ఎక్కువ వచ్చాయి. మళ్ళీ కూడాను. నాలుగో పేజీలో ఎనిమిది మార్కుల్ని ఛాయాదేవి మేడమ్ రెండుసార్లు కలిపేశారు. నావి డెబ్భై నాలుగు కాదు, అరవై ఆరే. అంటే గీత పైన ఉండాల్సింది సింధూరి.

వెంటనే లేచి చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. గంట కొట్టారు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. మధ్యాహ్నం ఎర్ర టేపులు ఇచ్చారు. మెళ్ళో వేసుకున్నాక ఇంక చెప్పలేకపోయాను. ఆ పేపరు మడిచి దిండు గలీబులో పెట్టాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. పోయిన ఆదివారం నాన్న వచ్చాడు. చెట్ల కింద బల్లలు వేస్తారు, అందరూ అక్కడే కూర్చుని తింటారు. పక్క బల్ల మీద సింధూరి వాళ్ళ నాన్నగారు, అమ్మగారు ఉన్నారు. ఆయన పేరు దుర్గాప్రసాద్ గారు. నాన్న ఆయనకి జంతికలు పెట్టి, "మా అమ్మాయి ఏ సెక్షనండి. మీ పాపది?" అన్నాడు. నాన్నకేం తెలుసు? మామూలుగానే అడిగాడు.

ఆయన జంతిక కింద పెట్టేశారు. నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక మొదలుపెట్టారు. నేను అప్పటికే లేచి మెట్ల దగ్గరికి వచ్చేశాను, అయినా అన్నీ వినబడ్డాయి. అందరికీ వినబడ్డాయి. "వాళ్ళ పిల్ల మగ్గాల ఇంట్లోంచి వచ్చి పైకి పోయింది, నీకేం తక్కువ చేశామే? నేను ఎవరికి మొహం చూపించను?" అన్నారు. "ఏ సెక్షన్‌కి పోయాక కబురు చెయ్యి, అప్పుడొస్తా" అని లేచి వెళ్ళిపోయారు. వాళ్ళమ్మగారు వెనకాల పరిగెత్తింది. క్యారేజీ మూత కూడా తియ్యలేదు. సింధూరి ఒక్కతే ఆ క్యారేజీ ముందు కూర్చుంది.

నేను మెట్ల మీద నుంచి చూస్తూ ఉండిపోయాను. కిందికి దిగలేదు.

ఇప్పుడు సింధూరి కుళాయిల దగ్గరికి కూడా రావట్లేదు. నిద్రలో మాట్లాడుతుందో లేదో నాకు తెలీదు. చెబితే నన్ను కిందికి పంపేస్తారు. నాన్న వీధి చివరిదాకా వెళ్ళి చెప్పాడని నువ్వే రాశావు. నేనేం చెయ్యను?

వేణి


హనుమాన్ జంక్షన్
ఆగస్టు 23

నా చెల్లెలికి,

నిన్ను తిట్టను. తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను. నువ్వు జూన్‌లో అడిగిన దానికి జవాబు కూడా ఇదే.

నాకు కామెర్లు రాలేదు వేణీ. ఎప్పుడూ రాలేదు.

ఇంటర్ రెండో ఏడు మాకు పదిహేను రోజులకో లిస్టు అంటించేవాళ్ళు. మొదటి ఏడు బాగానే ఉండేవాణ్ణి. తర్వాత ప్రతి లిస్టుకీ నా పేరు కాస్త కాస్త కిందికి దిగడం మొదలైంది. ఎంత దిగితే అంత ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. జనవరిలో ఒక పొద్దున ఫిజిక్స్ టెస్టు. పేపరు చేతికిచ్చారు. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ చదవలేకపోతున్నాను. తెలుగు రానివాడికి తెలుగు పేపరు ఇచ్చినట్టు ఉంది. మూడు గంటలూ అలాగే కూర్చుని తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను. మర్నాడూ అంతే. మా వార్డెన్ నేను నాటకాలాడుతున్నానన్నాడు. ఆ మధ్యాహ్నం గేటు దాటి బస్టాండుకి నడిచి, బందరు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

నాన్న మగ్గం మీద ఉన్నాడు. "పరీక్షలు పెట్టుకుని ఎందుకొచ్చావ్?" అన్నాడు. ఒంట్లో బాలేదన్నాను. ఇంకేం చెప్పాలో నాకు మాత్రం ఏం తెలుసు? రెండు రోజులకి పక్కింటివాళ్ళు అడిగితే, కామెర్లని చెప్పాడు. ఒకసారి చెప్పాక ఇంక అదే ఖాయమైపోయింది. పొద్దున్నే పరగడుపున తీసుకెళ్ళి పసరు పోయించారు. పది రోజులు ఉప్పులేని చప్పిడి కూడు తిన్నాను. లేని రోగానికి పథ్యం చేశాను. నువ్వు అప్పుడు చిన్నదానివి, నా మంచం పక్కన కూర్చుని కళ్ళు పచ్చగా ఉన్నాయా అని చూసేదానివి. "లేవన్నయ్యా, తెల్లగానే ఉన్నాయి" అన్నావు కూడా. ఆ ఇంట్లో నిజం చెప్పింది నువ్వొక్కదానివే.

ఆ అబద్ధం నేను ఆడలేదు. పక్కన నిలబడి ఊరుకున్నాను, అంతే. కానీ అప్పటినుంచీ ఎవరు పలకరించినా ఆ కామెర్ల కుర్రాడిలాగే మాట్లాడాల్సి వస్తోంది. నాకు అసలు ఏమైందో ఇంట్లో ఎవరితోనూ మాట్లాడే దారి లేకుండా పోయింది. మళ్ళీ పరీక్ష రాస్తానో లేదో నాకింకా తెలీదు. పుస్తకం తీస్తే ఇప్పుడు అక్షరాలు కుదురుగానే ఉంటున్నాయి. అది మాత్రం చెప్పగలను.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. పదమూడేళ్ళకి నువ్వు మోస్తున్నది చిన్న బరువేం కాదు. నువ్వు చెప్పకపోయినా నా చెల్లెలివే. చెబితే మాత్రం, నాన్న సంగతి నేను చూసుకుంటాను. దానికి భయపడి ఆగకు.

అన్నయ్య


విజయవాడ, హాస్టల్
ఆగస్టు 31, ఆదివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం కుళాయిల దగ్గర చదివాను. ఎందుకో నీకు తెలుసుగా. నువ్వు తిన్న చప్పిడి కూడు నాకు గుర్తుంది. నీ కంచంలో ఉప్పు వేస్తుంటే అమ్మ నా చేతి మీద కొట్టింది.

బుధవారం ఛాయాదేవి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. స్టాఫ్ రూములో ఒక్కరే ఉన్నారు. పేపరు బల్ల మీద పెట్టి, "నాలుగో పేజీ రెండుసార్లు కలిసింది మేడమ్" అన్నాను. ఆవిడ పెన్ను మూత తీసి కూడారు. మళ్ళీ కూడారు. మొహం పాలిపోయింది.

"ఎప్పుడు చూశావ్?"

"పేపరిచ్చిన రోజే మేడమ్."

"మరి ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఇప్పుడా?"

ఆవిడ పేపరు మడిచారు. తర్వాత మెల్లగా అన్నారు. "నూట ఇరవై పేపర్లు రెండు రోజుల్లో దిద్దమన్నారమ్మా. లిస్టు ఆఫీసుకి వెళ్ళిపోయింది, పేరెంట్స్‌కి మెసేజ్‌లు వెళ్ళిపోయాయి. ఇప్పుడు తప్పు నాదని రాసిస్తే నా ఉద్యోగం మాటేంటి? సెప్టెంబరు ఆఖరులో ఎలాగూ మళ్ళీ టెస్టు ఉంది. అందాకా ఊరుకో. నువ్వు చెప్పావు, అది చాలు."

పేపరు నా చేతికిచ్చేశారు. నాకు కోపం రావాలి కదా, రాలేదు. నేనూ నెలరోజులు అదే చేశాను.

అది చాలు అన్నారు గానీ, నాకు చాలలేదు. ఇవాళ పొద్దున బట్టలు ఆరేసేచోట సింధూరి కనిపించింది. పేపరు చేతికిచ్చి మొత్తం చెప్పేశాను. మేడమ్ ఏమన్నారో కూడా చెప్పాను. తను పేపరు చూసింది. తనకి కూడటానికి రెండో చూపు కూడా అక్కర్లేదు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావ్?" అంది.

"నిజం కాబట్టి."

"అది ఆ రోజు కూడా నిజమేగా" అంది. "మా నాన్న తిట్టేటప్పుడు నువ్వు మెట్ల మీద ఉన్నావు. నేను చూశాను. దిగొస్తావనుకున్నా. పేపరు సంగతి నాకేం తెలుసు, ఊరికే వచ్చి పక్కన కూర్చుంటావనుకున్నా."

బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. మార్కుల గురించి అరుస్తుందనుకున్నాను. తనకి అన్నిటికంటే కష్టమనిపించింది మెట్లన్నమాట. నాకది తోచనే లేదు.

వేణి


హనుమాన్ జంక్షన్
సెప్టెంబరు 6

వేణీ,

చెప్పావు. అది అంత తేలిక కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సింధూరి వెంటపడకు. క్షమించమని రోజూ అడిగితే అది మళ్ళీ నీ కోసమే అవుతుంది. కోపం ఉండనీ. ఆ పిల్ల కోపంలో న్యాయముంది.

ఈ నెల రెండో ఆదివారం, తల్లిదండ్రులు వచ్చే రోజునే, నాన్నకి చీరలు ఇచ్చిరావలసిన పనుంది, అమ్మ ఒక్కతే అంత దూరం రాలేదు. దసరా లోడ్లు మొదలయ్యాయని మా ఆఫీసులో సెలవివ్వట్లేదు. నువ్వు ఒక్కదానివే ఉంటావని బాధగా ఉంది. కావాలంటే ఆ ఆదివారం పొద్దున్నే ఫోన్లో ఒక్క మాట "రా" అను. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటాను.

అన్నయ్య


విజయవాడ, హాస్టల్
సెప్టెంబరు 21, ఆదివారం

అన్నయ్యా,

"రా" అనలేదని కోపం తెచ్చుకోకు. నేనొక్కదాన్నే చెయ్యాలనిపించింది.

పోయిన ఆదివారం దుర్గాప్రసాద్ గారు వచ్చారు. రానన్నారు గానీ సింధూరి వాళ్ళమ్మగారు పట్టుబట్టి తీసుకొచ్చినట్టుంది. ఆయన బల్ల చివర రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. సింధూరి తల వంచుకుని ఉంది. నేను పైనుంచి పేపరు తీసుకుని మెట్లు దిగాను. తిన్నగా ఆయన ముందుకి వెళ్ళాను.

"అంకుల్, మా నాన్న మీకు ఆ రోజు చెప్పింది తప్పు. నేను ఏ సెక్షన్ కాదు. సింధూరిదే ఏ సెక్షన్" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. పేపరు చూపించాను. నాలుగో పేజీ చూపించాను. ఆయన వేలితో ఒక్కొక్క పేజీ తిప్పుతూ, పెదాలు కదుపుతూ కూడుకున్నారు. మొహం ఎర్రబడిపోయింది. లేచి నిలబడ్డారు.

"పద. ఇప్పుడే ప్రిన్సిపల్ దగ్గరికి పోదాం. నా కూతురికి ఇంత అన్యాయం చేస్తారా?"

"ఆగు నాన్నా" అంది సింధూరి.

"ఆగేదేంటే? నీకు రావాల్సింది తీసుకుపోయి..."

"నాకు నిజంగానే ముప్పై ఒకటి వచ్చుంటే?"

ఆయన ఆగారు.

"లెక్క తప్పు కాకుండా, నాకు వచ్చిందే అంత అయ్యుంటే?" సింధూరి గట్టిగా అనలేదు. మామూలుగా అడిగింది. "అప్పుడు ఆ రోజు నువ్వన్నవన్నీ అనొచ్చా? నా దగ్గరికి రానన్నావు. అది అనొచ్చా నాన్నా?"

ఆయన కూర్చున్నారు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నారు. వాళ్ళమ్మగారు క్యారేజీ మూత మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

"ముందు పిల్లకి అన్నం పెట్టు" అన్నారు చివరికి. నేను వెళ్ళబోతుంటే, "నువ్వూ కూర్చో అమ్మా. మీ వాళ్ళు ఎవరూ రాలేదుగా" అన్నారు.

కూర్చున్నాను. సింధూరి నా వైపు చూడకుండానే, "నేనింకా నీతో మాట్లాడట్లేదు, తెలుసుగా" అంది. తెలుసన్నాను. పప్పు గిన్నె నా వైపు జరిపింది.

ఆయన ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళేటప్పుడు సింధూరి తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నారు, నాకు వినపడలేదు.

మంగళవారం ఛాయాదేవి మేడమ్ తనంతట తనే ఆఫీసుకి వెళ్ళి చెప్పారు. బల్లల దగ్గర జరిగింది లాజరు తాత చెబితే ఆవిడకి తెలిసిందట. లోపల చాలాసేపు ఉన్నారు. బయటికి వచ్చాక నన్నూ సింధూరినీ పిలిచి, "తప్పు నాది. మీ ఇద్దరిదీ కాదు" అన్నారు. ఉద్యోగం ఉంది గానీ, ఆవిణ్ణి ఏ సెక్షన్ నుంచి తీసేశారు. ఇప్పుడు మాకు బి సెక్షన్‌లో చెబుతున్నారు.

మాకు అని రాశాను చూశావా? నేను బుధవారం కిందికి వచ్చేశాను. నీలం టేపు. సింధూరి పైకి వెళ్ళింది. నా పెట్టె నేనే మోసుకున్నాను. మొదటి రాత్రి సిగ్గేసింది, అబద్ధం చెప్పను. అందరూ ఎందుకొచ్చావని అడిగారు. చెప్పాను. పక్క మంచం అమ్మాయి సాయిశ్రీ అంతా విని, "నాకు నలభై రెండు, ఆ లెక్కలో తప్పులేం లేవు" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇక్కడ ఎవరి ర్యాంకు ఎంతో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాచుకోరు. తెలీనిది తెలీదని అడుగుతారు. పైన అలా అడిగేవాళ్ళు లేరు. నేనూ అడిగేదాన్ని కాదు.

నాకు ఫస్ట్ రావాలని ఇప్పటికీ ఉంది అన్నయ్యా. అది పోలేదు. ఈ నెలాఖరు టెస్టుకి చదువుతున్నాను. కానీ లిస్టు అంటించగానే నా పేరు ఒక్కటే చూసుకోకుండా ఉండగలనా అని అనుకుంటున్నాను. ఉండగలనో లేదో ఆ రోజు చూడాలి.

నాన్న సంగతి నువ్వు చూసుకుంటానన్నావు. నేను బి సెక్షన్ అని ఊరికే చెప్పకు. ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. వీధి చివరిదాకా వెళ్ళి చెప్పిన మాట తప్పయిందని నాన్నకి కష్టంగా ఉంటుంది. నా వల్లే అని చెప్పు.

వేణి


పెడన
సెప్టెంబరు 28, ఆదివారం

వేణీ,

నిన్న సాయంత్రం ఇంటికి రాగానే నీ ఉత్తరం తీశాను. నాన్న మగ్గం మీదే ఉన్నాడు. "చదువు, వింటా" అన్నాడు. నేను గడపలో కూర్చుని చదివాను.

నువ్వు దుర్గాప్రసాద్ గారి ముందుకి వెళ్ళిన చోట మగ్గం చప్పుడు ఆగింది. సింధూరి అడిగిన మాట దగ్గర ఆగాను. నాన్న, "అది మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. మొత్తం అయిపోయేదాకా విన్నాడు. నీ బి సెక్షన్ గురించి అస్సలు అనలేదు. వీధిలో జనం గురించీ అనలేదు.

అప్పుడు నన్నడిగాడు. "ఆ రోజు నువ్వు బస్సు దిగి వచ్చావు కదా, నేనేమన్నాను?"

"పరీక్షలు పెట్టుకుని ఎందుకొచ్చావన్నావు."

"తర్వాత?"

"తర్వాత కామెర్లన్నావు."

తల పంకించాడు. "కామెర్లయితే జనం ఒకసారి అడిగి ఊరుకుంటారనుకున్నా. నువ్వు చదవలేకపోయావంటే నిన్ను ఏమంటారో అని. అదే చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను కాబోలు" అన్నాడు. మగ్గం దిగి వచ్చి నా పక్కన గడప మీద కూర్చున్నాడు. నాన్న పనివేళ మగ్గం దిగడం నువ్వెప్పుడైనా చూశావా? నీ ర్యాంకు చెప్పడానికి ఒకసారి దిగాడు, మళ్ళీ నిన్న.

"అసలు ఏమైందిరా నీకు అప్పుడు?" అన్నాడు.

దాదాపు మూడేళ్ళకి అడిగాడు వేణీ. నేను ఎన్నిసార్లు లోలోపల చెప్పుకున్నానో, అడిగేసరికి ఒక్క మాటా గుర్తు రాలేదు. ఫిజిక్స్ పేపరు దగ్గర మొదలుపెట్టాను. నాన్న మధ్యలో ఏమీ అనకుండా విన్నాడు. అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఇద్దరం లేవలేదు. మూడోసారి పిలవకుండా తనే వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ మా దగ్గర కూర్చుంది.

అన్నయ్య